మార్తకు తోడు

ఆ ఆదివారం మధ్యాహ్నం అమెరికాలో, ఫార్మింగ్టన్ హిల్స్ ఇంట్లో దైవాశీర్వాదం బాబాయి ఉన్నాడు, విమలకుమారి పిన్ని ఉంది, బాబాయి తల్లి జ్ఞానమ్మ మామ్మ ఉంది. ప్రార్థన కూడికకు వచ్చిన పాస్టర్ సత్యానందం గారు, ఆయన భార్య లూసీ ఆంటీ, ఇంకో నాలుగు కుటుంబాలవాళ్ళు హాల్లో కూర్చున్నారు. పిల్లలు బేస్‌మెంట్‌లో గెంతుతున్నారు. వంటింట్లో కెజియా గారెలు వేస్తోంది.

కెజియా పిన్నికి అక్క కూతురు, పదిహేడేళ్ళ పిల్ల. నరసాపురం దగ్గర పల్లెలో పదో తరగతి ప్యాసయ్యాక, కాలేజీలో చేర్పిస్తానని పిన్ని తెచ్చుకుంది. రెండు చలికాలాలు గడిచాయి. కాలేజీ మాటెత్తితే బాబాయి "వచ్చే ఏడు చూద్దాంలే" అంటాడు. పిల్లల లంచ్ బాక్సులు, ఉతకడం, మడతలు, మామ్మకు కాళ్ళు పట్టడం, పొద్దుగూకేసరికి వంట. అయినా ఎవరైనా ఫోన్‌లో "మీ కెజియా ఏం చేస్తోంది?" అని అడిగితే పిన్ని "ఏముంది, ఖాళీయే" అనేది. ఆ మాట చెవిన పడినప్పుడల్లా కెజియా తడి చేతుల వంక చూసుకునేది. ఖాళీగా ఉన్న మనిషికి నడుము ఇంత నొప్పి ఎందుకు పుడుతుందో ఆమెకు అర్థమయ్యేది కాదు.

ఆ ఖాళీయే ఆమెను మార్త దగ్గరికి చేర్చింది. ఎల్ సాల్వడార్ అనే దేశంలో మార్త భర్తను సిపాయిలు తీసుకుపోయారు, అతను మళ్ళీ రాలేదు. కడుపుతో ఉన్న ఆమె ఈ దేశం వచ్చి ఆశ్రయం అడుగుతోంది. దగ్గర్లోని అమెరికన్ల చర్చి ఒక గది ఇచ్చింది. ఆమెతో డాక్టర్ దగ్గరికి వెళ్ళడానికి, కాన్పులో పక్కన ఉండడానికి ఆడవాళ్ళు కావాలని ఆ చర్చి నుంచి హెలెన్ గారు అనే పెద్దావిడ ప్రార్థన కూడికకు వచ్చి అడిగితే, పిన్ని అందరి ముందూ చెయ్యెత్తింది. చప్పట్లు కొట్టారు. వారం తిరక్కుండానే "నాకు ఓవర్‌టైమ్ ఉంది, కెజియా వెళ్తుందిలే" అంది.

మొదట్లో ఇద్దరికీ మాటల్లేవు. ఇద్దరిదీ అంతంతమాత్రపు ఇంగ్లీషే. కానీ మార్త అన్న పేరు వినగానే మన సంఘంలో మనిషే అనిపించి కెజియాకు బెరుకు సగం పోయింది. నొప్పులప్పుడు ఊపిరి ఎలా తీసుకోవాలో నేర్పే క్లాసులో మిగతా అందరి వెనకా మొగుళ్ళు దిళ్ళు పట్టుకుని కూర్చుంటే, మార్త వెనక కెజియా కూర్చునేది. ఏ గదిలోనూ పైకి లేవని గొంతుతో "పీల్చు, వదులు" అని చెప్పేది. తను చెబితే ఒక మనిషి వినడం, విని తేలికపడడం ఆమెకు కొత్త. బుధవారం క్లాసు ఎప్పుడొస్తుందా అని చూసేది.

యూనిఫారం కనబడితే మార్త గోడకు అంటుకుపోయేది. ఆస్పత్రి అన్నా అంతే భయం. "నువ్వు లోపలికి వస్తావా?" అని ఒకసారి అడిగింది. "వస్తాను" అంది కెజియా. పిన్నిని అడక్కుండా ఆమె ఇచ్చిన మొదటి మాట అది.

కిందటి వారం కెజియా బియ్యం నానబెట్టి, మిక్సీలో పిండి కొట్టి, బెల్లం లేక బ్రౌన్ షుగర్ పాకం పట్టి చలిమిడి చేసింది. ఊళ్ళో కడుపుతో ఉన్నవాళ్ళ ఒళ్ళో పెట్టడం చూసింది, తనూ మార్త ఒళ్ళో పెట్టొచ్చింది. అది విని మామ్మ బుగ్గలు నొక్కుకుంది. "ఓసి పిచ్చిదానా, చలిమిడి పెట్టేది పుట్టింటోళ్ళే! నువ్వేమవుతావని పెట్టేవు?" పిన్ని నవ్వి ఊరుకుంది.

ఇప్పుడు ఫోన్ మోగింది. హెలెన్ గారు. మార్తకు నొప్పులు మొదలయ్యాయి, హాస్పిటల్‌కి తీసుకెళ్తున్నారు.

"ఇప్పుడేనా!" అంది పిన్ని, మౌత్‌పీస్‌కి చెయ్యి అడ్డుపెట్టి. "ఇంతమందిని వదిలి నేనెలా వెళ్తాను? కెజియా వెళ్తే వడ్డించేదెవరు? అయినా పెళ్ళికాని పిల్ల పురిటిగదిలోకేంటి?"

కెజియా స్టవ్ ఆర్పేసింది. నూనెలో వేగుతున్న గారెలు అలాగే ఉండిపోయాయి.

"నేను వెళ్తాను పిన్నీ."

"ఏంటే?"

"వస్తానని చెప్పాను."

హాల్లో పాట ఆగిపోయింది. లూసీ ఆంటీ మెడ చాచి చూసింది. కెజియా మాట వెనక్కి తీసుకోలేదు. అప్పుడు సోఫాలోంచి మామ్మ గొంతు వచ్చింది.

"ఎల్లనియ్యవే కోడలా. తెలిసో తెలీకో చలిమిడి పెట్టింది. పెట్టినోళ్ళే పురుడు పొయ్యాలి. కన్నకూతుర్ని గుమ్మంలో నిలబెట్టి పుట్టింటోళ్ళు గారెలు తింటారా? ఒరే ఆశీర్వాదం, కారు తియ్యి!"

తల్లి మాట కాదనలేక బాబాయి కోటు వేసుకున్నాడు. దారంతా మంచు. "పది నిమిషాలుండి వచ్చేద్దాం" అని రెండుసార్లు అన్నాడు.

హాస్పిటల్‌లో కాన్పు గది ముందు మార్త గోడ పట్టుకుని నిలబడి ఉంది. హెలెన్ గారు ఎంత బతిమాలినా లోపలికి అడుగు వెయ్యడం లేదట. కెజియాను చూసి గోడ వదిలేసింది. కెజియా చెయ్యి ఇస్తే, ఎముకలు నొక్కుకుపోయేలా పట్టుకుంది. ఇద్దరూ గదిలోకి నడిచారు.

"లోపల ఉండేది ఒక్కరే. ఎవరుంటారు?" అని నర్సు అడిగింది.

"ఆ హెలెన్ గారు ఉంటారు" అన్నాడు బాబాయి గుమ్మంలోంచి. "మొహం చూపించావుగా, చాలు, పద. పాస్టర్ గారు భోజనానికి కూర్చుని ఉంటారు. మీ పిన్ని ఒక్కత్తీ ఏం చేసుకుంటుంది?"

పిన్ని ఒక్కత్తీ ఏం చేసుకుంటుంది. రెండేళ్ళుగా తను ఒక్కత్తీ చేసుకుంటున్నదేగా. కెజియాకు కోపం రాలేదు. ఇంత తేలికైన సంగతి ఇన్నాళ్ళూ ఎవరికీ తట్టనందుకు నవ్వే వచ్చింది.

"నేనుంటాను" అని నర్సుకు ఇంగ్లీషులో చెప్పింది, నడవా చివరిదాకా వినబడేంత గట్టిగా. తర్వాత బాబాయి వైపు తిరిగింది.

"బాబాయ్, గరిటెలు సింకు పక్క డ్రాయర్‌లో ఉంటాయి."

కెజియాను లోపల ఉంచి నర్సు తలుపు మూసింది.