గడప లోపలి ఉప్పు

ప్రేమావతి పొద్దున లేచి ముఖం కడుక్కోగానే చేసే మొదటి పని, వంటింట్లో ఉప్పు జాడీ మూత తీసి చూడడం. దొడ్డుప్పు పొడిగా ఉంటే మూత పెట్టి స్టవ్వు వెలిగించేది. కరిగి నీరై ఉంటే మాత్రం మొగుణ్ణీ కూతుర్నీ ఎదురుగా కూర్చోబెట్టి, "ఎవరాడిండ్రు అబద్ధం? చెప్పుండ్రి" అని అడిగేది. తేలేదాకా ఆ ఇంట్లో చాయ్ ఉండేది కాదు.

జాడీ ఆమె అత్తగారిది. ఆ ఇంటి కప్పు కింద ఎవరైనా తెలిసి అబద్ధమాడితే అందులో ఉప్పు కరిగిపోతుంది. పొరపాటున అన్నదానికి కరగదు. తెలియక అన్నదానికీ కరగదు. గగన్‌పహాడ్ వెనక ఉన్న ఆ బస్తీలో ఈ సంగతి అందరికీ తెలుసు. ఒకసారి పక్కింటి దుర్గవ్వ కోడి పోతే, అనుమానం ఉన్న ఇద్దరినీ తీసుకొచ్చి ప్రేమావతి వంటింట్లో కూర్చోబెట్టింది. కాసేపటికి ఒకడు జాడీ వైపు చూసి, "ఉప్పెందుకు ఖరాబు జేసుడు, నేనే తిన్న అవ్వా" అన్నాడు.

అయితే జాడీ పనిచేసేది గడప దాకానే. వాకిట్లోకి వస్తే ఏమన్నా చెప్పుకోవచ్చు. అందుకని ఆ ఇంటివాళ్ళకు ఒక అలవాటు పడింది. ఇష్టంలేని చుట్టం ఇంటికి పిలిస్తే ప్రేమావతి కొంగు సర్దుకుని వాకిట్లోకి వచ్చి, "వచ్చే వారం తప్పకుంట వస్తం వదినా" అనేది. లెక్కలు చేశావా అని అడిగితే తొమ్మిదేళ్ళ కూతురు జెరూషా చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టేది. జాడీ ఉన్నందువల్ల వాళ్ళు సత్యవంతులు కాలేదు. గడప ఎక్కడుందో బాగా తెలిసినవాళ్ళయ్యారు. ఈ రెండూ ఒకటి కావు.

ప్రేమావతి భర్త జ్ఞానయ్య బస్తీ పక్కనున్న రసాయనాల ఫ్యాక్టరీలో డ్రమ్ములు కడిగే పనిలో పద్నాలుగేళ్ళుగా ఉన్నాడు. ఆదివారం చర్చిలో ముందు వరుసలో కూర్చునే సంఘ పెద్ద. ఇంట్లో ఒక్క అబద్ధం ఆడని మనిషని పేరు.

తొంభై ఆరులో, వానలు మొదలైన వారం, జెరూషా మురుగు మోరీ దగ్గర ఒక కుక్కపిల్లను ఎత్తుకొచ్చింది. మట్టి రంగు, ఒక చెవి నిలబడి ఒక చెవి వాలి ఉండేది. ఎనిమిదింటికి ఫ్యాక్టరీ సైరన్ మోగగానే అది మెడ పైకెత్తి అదే రాగంలో కూసింది. మధ్యాహ్నం మళ్ళీ కూసింది. సాయంత్రం ఐదింటికీ కూసింది. దానికి సైరన్ అనే పేరు పడింది. "ఫ్యాక్టరీది ఒక్క నిమిషం ఆలిషమైతది గాని, మీ సైరన్ గాదు" అని దుర్గవ్వ నవ్వేది.

ఏడు నెలలకు అది ఎదిగి జ్ఞానయ్య సైకిల్ వెంట పరుగెత్తడం నేర్చుకుంది. రోజూ ఆయనతో గేటు దాకా వెళ్ళి, అక్కడే పడుకుని, ఆయనతోనే తిరిగి వచ్చేది.

ఒక సోమవారం పొద్దున ఎనిమిది గంటల సైరన్ మోగింది. కుక్క కూయలేదు. మంచం కింద పడుకుని ఉంది. వెనక కాళ్ళు ఈడుస్తోంది. తల వణుకుతోంది. పాలు పోస్తే మూతి ముంచి తీసేసింది.

దుర్గవ్వ వచ్చి చూసింది. "దిష్టి తగిలింది. మీ ఏసుసామి ఏమనుకోకుంటె నేను తిప్పేస్త" అని మూడు మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. ఇల్లంతా దగ్గారు. కుక్క మాత్రం తుమ్మను కూడా తుమ్మలేదు.

మధ్యాహ్నం జ్ఞానయ్య, ప్రేమావతి దాన్ని పాత తువ్వాలులో చుట్టి శంషాబాద్ పశువుల దవాఖానకు తీసుకుపోయారు. అక్కడి డాక్టరు కోస్తా ఆయన. దాని చిగుళ్ళు చూశాడు, కాళ్ళు నొక్కి చూశాడు.

"ఇది ఏం తిన్నదండీ? ఏం తాగింది?"

"ఇంట్ల అన్నమే సార్. బోరు నీళ్ళే" అన్నాడు జ్ఞానయ్య.

ఆయన చెప్పింది నిజం కాదు. ఫ్యాక్టరీ గోడ వెనక పాత రాళ్ళ గుంత ఒకటి ఉంది. కడిగిన డ్రమ్ముల నీళ్ళు అందులో పారబోయమని మేనేజరు చెప్పాడు, జ్ఞానయ్య పారబోస్తున్నాడు. ఈ మాట బయటికి పోతే నువ్వూ బయటికే అని కూడా మేనేజరు చెప్పాడు. పోయిన ఏడాది రెండు మేకలు అదే గుంతలో తాగి, కాళ్ళు ఇలాగే పడిపోయిన ఆరో రోజున చచ్చాయి. వాటిని పూడ్చింది జ్ఞానయ్యే. నాలుగు రోజుల కింద సైరన్ ఆ గుంతలో మూతి పెట్టడం ఆయన చూశాడు. రాయి విసిరి తరిమాడు. అప్పటికే అది తాగింది.

డాక్టరు ఒక సూది వేసి, గోళీలిచ్చి, తగ్గకపోతే రాజేంద్రనగర్‌లో పెద్ద డాక్టరుకు చూపించమన్నాడు.

తగ్గలేదు. బుధవారం బస్సెక్కారు. ఆరాంఘర్ దగ్గర కండక్టరు తువ్వాలు ఎత్తి చూశాడు. "మేకకైతె టికెట్ ఉన్నది. కుక్కకు ఏం గొట్టాలె అన్నా?"

వెనక సీటులో ముసలాయన, "ఆ తల్లి ఎట్ల పట్టుకున్నదో సూడు. సంటిపిల్ల అనుకోని పో" అన్నాడు. కండక్టరు తువ్వాలు కప్పి ముందుకు పోయాడు.

పెద్ద డాక్టరు చాలాసేపు పరీక్ష చేశాడు. "ఇది రోగంలా లేదు. ఏదో మందు కడుపులోకి పోయింది. అది ఏమిటో తెలిస్తే విరుగుడు వెతుకుతాను. తెలియకుండా సూదులు పొడిస్తే వైద్యం కాదు, హింస. బాగా గుర్తు చేసుకోండి."

ప్రేమావతి జ్ఞానయ్య వైపు చూసింది. జ్ఞానయ్య నేల వైపు చూశాడు. "ఏం తాగలే సార్. మా ఇంట్లనే ఉంటది."

ఆ సాయంత్రం ఇంటికొచ్చాక ప్రేమావతి కుక్క మూతి తుడుస్తూ అడిగింది. "ఏమయ్యా, రోజు నీ ఎంబడి వచ్చేది గద ఇది. ఆడ ఏమన్న తాగిందా?"

జ్ఞానయ్య దగ్గాడు. లేచి గడప దాటి వాకిట్లోకి వెళ్ళాడు. తొట్టి దగ్గర చేతులు కడుక్కుంటూ, "ఏం తాగుతది? గేటు కాడ పంటది, అంతే" అన్నాడు.

ప్రేమావతి చెయ్యి ఆగిపోయింది. ఆయన చేతులకు మురికి లేదు. కడుక్కోవలసిన పని లేదు. ఆమెకు అర్థమైంది. అర్థమైనా ఆమె పైకి అనలేదు. సంఘ పెద్ద పెండ్లాన్నని ఆమెకూ గర్వం ఉండేది. ఆ గర్వం కోసం ఆమె రెండు రోజులు మాట్లాడక ఊరుకుంది. ఆ రెండు రోజులు చిన్నవేమీ కావు.

గురువారం జెరూషా రాసుకుంటుంటే పెన్సిల్ మూడుసార్లు జారి పడింది.

"ఏందే గట్ల పడేస్తున్నవ్?"

"వేళ్ళు తిమ్మిరెక్కుతున్నయమ్మా."

జ్ఞానయ్య విన్నాడు. కుక్కను ఎత్తుకుని తిరిగి అలిసిపోయిందిలే అని తనకు తానే చెప్పుకున్నాడు. మనసులో చెప్పుకున్నదానికి ఉప్పు కరగదు.

శుక్రవారం ఆయన పెందలాడే పని వదిలి వచ్చాడు. ఐదు గంటల సైరన్ మోగింది. మంచం కింద కుక్క తల ఎత్తింది. నోరు తెరిచింది. గొంతు ఉబ్బింది. శబ్దం రాలేదు. సైరన్ ఆగేదాకా అది అలాగే నోరు తెరిచి ఉంది. తర్వాత తల నేలకు ఆనించింది.

జెరూషా దాన్ని ఒళ్ళోకి తీసుకుని తండ్రి ముఖంలోకి చూసింది. "బాపూ, సైరన్ బతుకుతదా?"

జ్ఞానయ్య వంటింటి ముందు నిలబడి నీళ్ళు తాగుతున్నాడు. ఇన్నేళ్ళలో ఆయన ఆ కప్పు కింద ఒక్క అబద్ధం ఆడలేదు. గడప దాటి వెళ్ళి ఆడేవాడు. కూతురి కళ్ళు చూసి ఆ రోజు గడప మరిచిపోయాడు.

"బతుకుతది బిడ్డా. రేపటికల్ల లేశి ఉరుకుతది."

వంటింటి గట్టు మీద జాడీలో సన్నగా చప్పుడైంది. నిండా పోసిన దొడ్డుప్పు ఒక్కసారిగా కుంగింది. మూత కింద నుంచి నీళ్ళు పొర్లి, గోడ వెంట జారి, ఆయన పాదాల దాకా వచ్చాయి.

ప్రేమావతి ఆ నీళ్ళనే చూస్తూ అంది. "తెల్వక చెప్తె కరగదు. అది సస్తదని నీకు తెల్సు. ఎట్ల తెల్సు?"

జ్ఞానయ్య తడిలోనే కూలబడ్డాడు. గుంత సంగతి, డ్రమ్ముల సంగతి, మేకల సంగతి అన్నీ చెప్పాడు. చివరకు, "ఆల్ల ఉప్పు తింటున్నం ప్రేమా. ఎట్ల చెప్పాలె?" అన్నాడు.

"మరి ఇది ఎవరి ఉప్పు తిన్నది?" అంది ప్రేమావతి, కుక్కను చూపించి.

జ్ఞానయ్య కుక్క తల మీద చెయ్యి పెట్టాడు.

అప్పుడు జెరూషా మెల్లగా అంది. "బాపూ, గా గుంతల నీళ్ళు నేను గూడ తాగిన. మొన్న ఐతారం సైరన్‌ను ఎతుక్కుంట పోయిన, అది ఆడ తాగుతున్నది. దాని తోటి నేను గూడ దోసిట్ల పట్టి తాగిన. తియ్యగున్నయ్."

జ్ఞానయ్య కూతుర్ని భుజాన వేసుకుని రోడ్డు మీదికి పరుగెత్తాడు. ప్రేమావతి వెనకే పరుగెత్తింది. ఆగిన మొదటి లారీలో పట్నం పెద్ద దవాఖానకు చేరారు. డాక్టరు ఇంకా అడగకముందే జ్ఞానయ్య చెప్పాడు. డ్రమ్ముల మీద ఏం రాసి ఉంటుందో, ఎన్ని రోజులైందో, మేకలకు ఏమైందో, కుక్కకు ఏమవుతోందో, అంతా చెప్పాడు. డాక్టరు రాసుకున్నాడు. "ఇది చెప్పకపోతే నరాల బలహీనతని టానిక్కు రాసి పంపేవాళ్ళం" అన్నాడు.

శనివారం పొద్దున బట్టల కోసం జ్ఞానయ్య ఇంటికొచ్చాడు. దుర్గవ్వ గడప మీద కూర్చుని ఉంది. ఎనిమిది గంటల సైరన్‌కు కొంచెం ముందు కుక్క పోయిందని చెప్పింది. అది ఆరో రోజు.

వాకిట్లో మూలకు గుంత తవ్వాడు. పూడ్చేటప్పుడు ఉప్పు పోయాలి. ఇంట్లో ఒక్క గల్లు కూడా లేదు. దుర్గవ్వ తన ఇంట్లోంచి చాటలో తెచ్చి ఇచ్చింది.

"తీస్కో జ్ఞానయ్యా. మా ఇంటిది మామూలు ఉప్పే. ఎవ్వల్నేమనదు."

ఆ మాటకు ఆయన ఏడ్చాడు. అంతవరకు ఏడవలేదు.

దవాఖానకు తిరిగి పోయే ముందు శంషాబాద్ డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. అడిగినవాడికి నిజం బాకీ ఉందనిపించింది. "మందు నీళ్ళు తాగింది సార్. నాకు మొదటి రోజే తెల్సు."

డాక్టరు చేతిలోని కలం కింద పెట్టాడు. "మొదటి రోజే చెప్పి ఉంటే ప్రయత్నం చేసేవాణ్ణండీ."

"బతుకుతుండెనా సార్?"

"ఆ మాట అడిగే హక్కు మీకు లేదండీ" అన్నాడు డాక్టరు. అని, తల తిప్పుకున్నాడు.

సోమవారం జ్ఞానయ్య ఫ్యాక్టరీ గేటు ముందు, నలుగురూ వినేలా, గుంతలో ఏముందో చెప్పాడు. పని పోయింది. పోయిన రోజే తుమ్మకంప నరికి తెచ్చి గుంత చుట్టూ తనే కంచె వేశాడు.

జెరూషా మూడు వారాలు దవాఖానలో ఉంది. మెల్లమెల్లగా వేళ్ళలోకి పట్టు వచ్చింది. సైరన్ ఎట్లుందని రోజూ అడిగేది. "ఇంటికి పోయినంక చెప్త బిడ్డా" అనేవాడు జ్ఞానయ్య.

ఇంటికి వచ్చిన రోజు జెరూషా వాకిట్లోనే ఆగింది. "సైరన్ ఏది బాపూ?"

అది వాకిలి. అక్కడ ఏమన్నా చెప్పొచ్చు. జ్ఞానయ్య కూతురి చెయ్యి పట్టుకుని గడప దాటించాడు. వంటింట్లోకి తీసుకుపోయి, కొత్త ఉప్పు పోసిన జాడీ ఎదురుగా కూర్చోబెట్టి, తనూ కూర్చున్నాడు.

"సచ్చిపోయింది బిడ్డా. నా ఎంబడి వచ్చి, నేను పారబోసిన నీళ్ళు తాగి సచ్చిపోయింది. తెల్సి గూడ నేను చెప్పలే."

ప్రేమావతి జాడీ మూత తీసి చూడలేదు.

ఐదు గంటల సైరన్ మోగింది. ముగ్గురూ అది ఆగేదాకా విన్నారు. ఆగిన తర్వాత కూడా కాసేపు వింటూనే ఉన్నారు.