లేని గుణం

టిఫిన్ డబ్బా మూతలోని రబ్బరు రింగును చెంచా కాడతో పైకి లేపి, దాని కింద పేరుకున్న జిడ్డును పాత టూత్‌బ్రష్‌తో తోమాలన్న సంగతి ఆ ఇంట్లో ఒక్క మనిషికే తెలుసు. ఆ ఇల్లాలు సింకు దగ్గర నిలబడి ఆ పనిలో ఉండగా భర్త వెనక నుంచి వచ్చి, ఉండలా చిక్కుపడిన ఇయర్‌ఫోన్ తీగను ఆమె భుజం మీద వేశాడు.

"ఇది కాస్త విడదీసిపెట్టు. నీకు ఓపిక ఎక్కువ కదా."

పొగడ్తే. పెళ్లైన కొత్తలో ఆ మాటకు మురిసిపోయేది కూడా. అత్తగారు చుట్టాల ముందు "మా చిన్నకోడలు నోట్లో నాలుక లేని పిల్ల" అంటే తల వంచుకుని నవ్వేది. తోటికోడలు "నీకున్న ఓపిక నాకెక్కడిది చెల్లీ" అంటూ పిల్లలిద్దర్నీ అప్పజెప్పి సినిమాకు వెళ్లిపోతే, వాళ్ల ముక్కులు తుడుస్తూ తానేదో బహుమతి గెలుచుకున్నట్టే ఉండేది. ఇన్నేళ్లకు, కొడుకు హాస్టల్‌కు వెళ్లి ఇల్లు కాస్త ఊపిరి పీల్చుకుంటున్న ఈ రోజుల్లో, ఆమెకు ఒక సంగతి అర్థమవుతోంది. ఎవరైనా తన ఓపికను మెచ్చుకున్నారంటే, ఆ వెనకే ఏదో ఒక పని తన నెత్తిన పడబోతోందన్నమాట.

ఆమె ఉద్యోగం కరెంటు ఆఫీసులో, ఫిర్యాదుల విభాగంలో. పొద్దుట్నుంచి చెవికి ఫోను తగిలించుకుని ఊరందరి కోపమూ వినడమే పని. ఎవరెంత తిట్టినా ఆమె గొంతు పెరగదు. అందుకే అక్కడ ఆమెను 'ఏసీ' అంటారు. ఆ వారం ఆఫీసువాళ్లు మంచి గుణాల గురించి, నిండుగా బతకడం గురించి ఒక క్లాసు పెట్టించారు. చెప్పడానికి వచ్చిన పెద్దావిడ నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకుని, చేతిలో కాగితమైనా లేకుండా మాట్లాడింది.

"ఉన్న గుణాలు చూసుకుని మురవకండి. అవి మీకు అలవాటైపోయాయి. ఒకటే గుణం పెరిగిపోతే మనిషి ఒక పక్కకి ఒరిగిపోతాడు. మీలో లేనిది ఒకటి చూసుకుని, ఈ నెలంతా దాన్ని సాధన చెయ్యండి."

ఒకరు వేళకు రావడం అన్నారు. పక్క సీటావిడ కోపం తగ్గించుకుంటానంది. అన్న నోటితోనే, తన పెన్ను తీసుకున్నవాడిని కసిరింది. ఆమె వంతు రాగానే ఆ పక్క సీటావిడే అందుకుంది.

"ఈవిణ్ణి వదిలెయ్యండి మేడమ్. ఈవిడ మా ఏసీ. వెతికినా లోటు దొరకదు."

అందరూ నవ్వారు. పెద్దావిడ మాత్రం నవ్వలేదు. "తొందరేం లేదు. ఆలోచించుకో అమ్మా," అంది.

ఆ మాట అరికాల్లో ముల్లులా దిగి, అడుగు తీసి అడుగు వేసినప్పుడల్లా కలుక్కుమంది. బస్సులో కూర్చుని తనలో తాను గాలించుకుంది. దయ ఉంది. పొదుపు ఉంది. శుభ్రత కావాల్సినదానికన్నా ఎక్కువే ఉంది. ధైర్యం లేదేమో అనుకుంది. కానీ ప్రసవమప్పుడూ, నాన్న పోయినప్పుడూ తాను నిలబడ్డ తీరు గుర్తొచ్చి అదీ కాదనిపించింది. ఏదో ఉంది. నాలుక చివర దాకా వచ్చి జారిపోయే పేరులా, దొరకడం లేదు.

ఇంటికొచ్చాక భర్తనే అడిగింది. ఆయన టీవీ మీద నుంచి చూపు తిప్పలేదు. "ఉన్నవి చాల్లే. కొత్తవి తెస్తే ఇల్లు పట్టదు," అని తన జోకుకు తానే నవ్వుకుని, "అన్నట్టు అమ్మకి మోకాలి ఆపరేషన్ ఖాయం చేశారు. తర్వాత మనింటికే తెస్తామని అన్నయ్యకి మాటిచ్చాను. నువ్వు కొన్ని నెలలు సెలవు పెట్టెయ్. పర్వాలేదు కదా?" అన్నాడు.

"పర్వాలేదు," అంది ఆమె నోరు.

నోరే అంది. ఎందుకంటే ఆ రోజు ఉదయమే ఆఫీసరు ఆమెను పిలిచి, సూపర్‌వైజర్ శిక్షణకు నీ పేరు పంపాను, మధ్యలో సెలవులు కుదరవు, ఈసారి తప్పితే మళ్లీ నీ వంతు ఎప్పుడో చెప్పలేను అన్నాడు. ఆ మాట ఇంటిదాకా దాచుకుని తెచ్చింది, కూర పొయ్యి మీద పెట్టాక చెబుదామని. కూర ఉడికింది. ఆయన తిని, బాగుందన్నాడు. ఆమె చెప్పలేదు.

మర్నాడు ఒక ఫోను వచ్చింది. ముసలి గొంతు. కరెంటు లేదంది, మెల్లగా, ఏదో అప్పు అడుగుతున్నట్టు. రాసుకున్నాం, సాయంత్రంలోగా మనిషి వస్తాడని ఆమె చెప్పింది.

"సాయంత్రమా. సరేనమ్మా. పర్వాలేదు."

అరిచేవాళ్లతో ఆమెకు ఎప్పుడూ బెంగ లేదు. వాళ్లకేం కావాలో వాళ్లే చెప్పేస్తారు. బెంగంతా ఇలా పర్వాలేదనేవాళ్లతోనే. ఫోను పెట్టెయ్యబోయిన చెయ్యి ఆగింది.

"నిజంగా పర్వాలేదా అండీ? ఇంట్లో ఇంకెవరున్నారు?"

అవతల ఏడుపు. "మావారు మంచం మీద ఉన్నారు తల్లీ. ఆక్సిజన్ మిషను కరెంటు మీదే నడుస్తుంది. చిన్న సిలిండరు పెట్టాను, అదీ అయిపోవస్తోంది. మీకెన్ని పనులుంటాయో, ఊరికే విసిగించకూడదని..."

ఆమె ఫిర్యాదుల వరుస పక్కకు తోసేసి ఆ ఇంటికి ముందు మనుషుల్ని పంపింది. ఇంకో ఫోనులో అంబులెన్సును పిలిచింది. కరెంటు వచ్చిందని ముసలావిడ చెప్పేదాకా లైను వదల్లేదు. "నీకెంత ఓపికమ్మా," అందావిడ చివర్లో.

ఓపిక కాదు. ఆ 'పర్వాలేదు'ను నమ్మలేదు, అంతే. ఫోను తీసి బల్ల మీద పెట్టి మెట్ల దగ్గరకు వెళ్లి కూర్చుంది. మర్యాద కోసం ఒక మనిషి ప్రాణం మీదికి తేబోయిందే అని ఆవిడ మీద కోపం వచ్చింది. అంతలోనే ఆ కోపం దారి తప్పినట్టుగా తన మీదికే తిరిగింది. ఆకలి లేదు, మీరు తినండి. నిద్ర రావట్లేదులే, నేను చూసుకుంటాను. నాకూ ఆ రంగే ఇష్టం. నాకు తిరగడం పెద్దగా పడదు, మీరు వెళ్లిరండి. ఎంత తేలిగ్గా వచ్చేవి ఆ మాటలన్నీ. ఒక్కటైనా నిజం కాదు. కొడుకు చిన్నప్పుడు అబద్ధమాడితే గోడవైపు తిప్పి నిలబెట్టిన తల్లి తను. ఆ ఇంట్లో అందరికన్నా ఎక్కువ అబద్ధాలాడింది తనే. వాళ్లు మోసం చేశారని అనుకోవడానికి కూడా లేదు. తనేమిటో వాళ్లకు ఎప్పుడూ చెప్పనేలేదు. అడగని తప్పు వాళ్లదైతే, చెప్పని తప్పు తనది. తనలో లేని గుణం పేరు అప్పుడు దొరికింది.

ఆదివారం అందరూ అత్తగారి ఫ్లాట్‌లో కూడారు. ఆవిడ కిటికీ పక్క మంచం మీద కాలు చాపుకుని కూర్చుంది. బావగారు టీ తాగుతూ లెక్క తేల్చేశారు. "మా ఇంట్లో మెట్లు. మీ ఇంటికి లిఫ్టుంది. పైగా మరదలికి ఓపిక ఎక్కువ. ఏమ్మా, నీకేం ఇబ్బంది లేదుగా?"

"ఇబ్బందే బావగారూ."

గొంతు పెరగలేదు. ఫోనులో మాట్లాడే గొంతే. భర్త ఆమె వైపు ఆందోళనగా చూశాడు. "ఏంటి, ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది. నన్ను సూపర్‌వైజర్ శిక్షణకి రమ్మన్నారు. వెళ్లాలనుంది. సెలవు పెట్టలేను. సాయంత్రాలు నా వంతు నేను చేస్తాను. పగలు మీరిద్దరూ పంచుకోండి."

"ఈ మాట మొన్న నాతో అనొచ్చుగా? అమ్మ ముందు ఏంటిది?"

"మొన్న పర్వాలేదన్నాను. అది అబద్ధం."

తోటికోడలు కప్పులు తీస్తూ ఆగిపోయింది. అప్పుడు మంచం మీద నుంచి అత్తగారి గొంతు వినిపించింది.

"నా ముందు కాకపోతే ఎవరి ముందు మాట్లాడుతుంది? మోకాలు నాది కదా. ఎక్కడుంటావని నన్నెవరైనా అడిగారా? నేను ఎక్కడికీ రాను. ఇక్కడే ఉంటాను. పగటికి ఒక మనిషిని పెట్టండి. రాత్రిళ్లు అన్నదమ్ములిద్దరూ వంతులేసుకుని వచ్చి పడుకోండి."

"మొన్న ఆస్పత్రిలో సరేనన్నావు కదమ్మా?" అన్నారు బావగారు.

"అన్నాను. ఎప్పుడనలేదు గనక? మీ నాన్నతో మొదలుపెట్టాను."

అత్తగారు చిన్నకోడలి వైపు చూడలేదు, మెచ్చుకోనూ లేదు. కిటికీ బయటికి చూస్తూ కూర్చుంది. చివరికి ఆవిడ చెప్పినట్టే నిర్ణయమైంది. మొదటి వారం బావగారిది.

తిరుగు దారిలో భర్త కారు నడుపుతున్నాడు. నిజం చెబితే మనసు తేలికపడుతుందంటారు. ఆమెకేం తేలికపడలేదు. దొంగతనం చేసి పారిపోతున్నట్టు అరచేతులు చెమట పట్టాయి, మాట వెనక్కి తీసుకోవడానికి ఇంకా సమయం ఉందని లోపల ఎవరో తొందరపెడుతున్నారు. పెదవులు గట్టిగా బిగించుకుంది.

ఎర్ర లైటు దగ్గర కారు ఆగింది. ఆయన స్టీరింగు వైపే చూస్తూ, కోపమో భయమో తెలియని గొంతుతో అడిగాడు.

"ఇలాంటివి ఇంకేమైనా ఉన్నాయా?"

లేవు అనబోయింది. అలవాటైన మాట, నోటి దాకా వచ్చేసింది. దాన్ని మింగేసి, చేతులు చీర కొంగుకు తుడుచుకుని, ఆయన వైపు తిరిగింది.

"చాలా ఉన్నాయి," అంది. "ఇంటికెళ్లాక వంట మీరు చెయ్యండి. నేను కూర్చుని చెప్తాను."