ఆమెన్ అనని ఇల్లు

హుజూర్‌నగర్ దగ్గరి పల్లెలో, ఊరవతలి వాడలో, రోజూ పొద్దున సాలమ్మ జొన్నరొట్టెలు చేస్తుంటే ఆమె పెనిమిటి దేవసహాయం గోడకానుకొని ప్రార్థన చేసేవాడు. ఆయన ఎవరి పేరు పెట్టి ప్రార్థిస్తే, ఆ ప్రార్థనకు ఎవరి నోటనైనా ‘ఆమెన్’ అన్న మాట పడేదాకా వాళ్లు ఎవరి కంటికీ కనబడరు. ఊరికిది కొత్త కాదు. రజాకార్లు తిరిగిన ఏడాది వాడవాళ్లంతా తమ ఆడపిల్లల పేర్లు ఆయనకు చెప్పి పోయారు.

కొడుకు దావీదుకు మాత్రం దేవుడంటే పడదు. దొరల మీద కొట్లాడే సంఘంలో చేరి అడవి పట్టాడు. “నీ దేవుడు దొర గడీల కూసుంటడు నాయినా” అనేవాడు. 1949 ఎండాకాలంలో జ్వరంతో ఇంటికొచ్చి పడ్డాడు. రెండోనాడు పొద్దున్నే మిలిటరీ వాడను చుట్టేసింది.

“నాయినా, నా పేరు తియ్యకు” అన్నాడు దావీదు, మూలుగుతూనే.

దేవసహాయం వినలేదు. “తండ్రీ, నీ బిడ్డ దావీదు...” అన్నాడో లేదో మంచం ఖాళీ అయింది. సాలమ్మ చెయ్యి చాపింది. కాలుతున్న నుదురు తగిలింది.

లోపలికొచ్చిన సిపాయి మెడలో చిన్న సిలువ ఉంది. మద్రాసు వైపువాడు. ప్రార్థన వినగానే టోపీ తీసి కళ్లు మూసుకున్నాడు. ముగింపులో తానూ ఒక మాట కలుపుదామని ఎదురుచూస్తున్నాడు. మంచం కిర్రుమంది. ఎవరో సాలమ్మ పక్కనుంచి తడబడుతూ గడప దాటారు. సిపాయి పెదవులు విడివడ్డాయి.

“ఆమె...”

సాలమ్మ పిండిచెయ్యి అతని నోటి మీద పడింది. ఇగ తన పని ఖతం అనుకుంది. సిపాయి ఆమె కళ్లలోకి చాలాసేపు చూశాడు. మీసాలకంటిన పిండి తుడుచుకొని, ఆ మాట పూర్తిచెయ్యకుండానే బయటికి పోయాడు.

అడిగినదానికి జవాబియ్యక ప్రార్థన చేస్తూనే ఉన్నాడని దేవసహాయాన్ని మిగతా సిపాయిలు సూర్యాపేట క్యాంపుకు పట్టుకుపోయారు. పన్నెండు రోజులకు తిరిగొచ్చాడు. ఆమెన్ అనలేదు. ఇక అనలేడు కూడా. అక్కడి దెబ్బలకు గొంతు పోయింది.

నెల దాటాక కోదాడ నుంచి బియ్యం బండి తోలే కోటయ్య వచ్చాడు.

“బెజవాడ దారిలో మీవాడు నాతో మాట్లాడాడమ్మా. మనిషి కనపడలేదు, గొంతే. ‘మా అమ్మను ఆమెన్ అనమను’ అన్నాడు.”

“వాడా? ఆ మాటంటేనే మండిపడుతుండె!”

“కనపడని మనిషి వెనకాల సంఘంలో ఎవరు నడుస్తారని అడిగాడు. పట్టుబడ్డా సరేనన్నాడు.”

“గాడ పోలీసులు లేరా?”

“లేకేమమ్మా, ఊరూరా ఉన్నారు.”

మూడు రోజులు సాలమ్మ ఎవరితోనూ మాట్లాడలేదు. పొరపాటున ఆ మాట జారుతుందేమోనని నిద్రలో కూడా కొంగు నోట్లో కుక్కుకుంది. నాలుగోనాడు దేవసహాయం వచ్చి ఆమె పక్కన కూర్చొని, ఆ కొంగు మెల్లగా లాగేశాడు.

ఈ ఘడియలో కొడుకు ఎదుట ఎవరు నిలబడి ఉన్నారో తెలియదు. సాలమ్మ కళ్లు గట్టిగా మూసుకొని, “ఆమెన్” అంది.