పల్లకి వచ్చిన దారి

సేనాపతి దేవుడి ముద్ర పోయింది. అది పడందే ఊళ్లో ఏ తాయెత్తూ పనిచెయ్యదు. గుడి తాళంచెవి ఉండేది నా దగ్గర. అందరి కళ్లూ నా మీదే.

"దేవుణ్ణే అడుగుదాం," అన్నాడు పెద్దమనిషి పాన్ తాత. "పల్లకిని నడిపేది మోసేవాళ్లు కాదు, దేవుడే. అది ఎవరి తలుపు కొడితే వాడే దొంగ. వాడిక గుడి గడప తొక్కకూడదు."

పల్లకి ముందు కొమ్ము పట్టింది షున్‌ఫా. నేనూ అతనూ కోడి నెత్తురు కలిపిన సారా ఒకే గిన్నెలో తాగి అన్నదమ్ములమైన వాళ్లం. వెళ్తూ నా భుజం తట్టాడు.

"భయపడకన్నా. నువ్వేంటో దేవుడికి తెలీదా ఏంటి."

గంట మోగింది. పల్లకి ఊగింది. టపాకాయల పొగలో వాగు దాటి, తిన్నగా మా సందులోకి తిరిగింది. కొమ్ము నా తలుపును గుద్దింది. బియ్యం జాడీ అడుగున ముద్ర దొరికింది.

"దేవుడికి దీపం పెట్టి దేవుడి సొమ్మే మింగాడు," అన్నారెవరో. నవ్వులు.

నా భార్య యూలాన్ ఏడవలేదు. తలెత్తి పైకి చూస్తోంది. నేనూ చూశాను. సందుకి అడ్డంగా వెదురు దండెం. దాని మీద తన పంట్లాలు, నీళ్లు కారుతూ.

ఆడవాళ్ల పంట్లాం కింద నుంచి మా ఊళ్లో మగాడే నడవడు, మైలని. దేవుడి పల్లకి అయితే సందు మొదట్లోనే వెనక్కి తిరుగుతుంది.

"షున్‌ఫా, పల్లకి మీద దేవుడి గొడుగుకి ఆ తడేంటి?" అన్నాను.

అతను పైకి చూశాడు. మొహం పాలిపోయింది.

"పొద్దున టీకి వచ్చినప్పుడు ఇవి లేవు కదా మరిదీ," అంది యూలాన్. "నువ్వెళ్లాకే ఆరేశాను. జాడీ పక్కనే కూర్చున్నావు కూడా."

షున్‌ఫా కొమ్ము కిందకి దించాడు. "పిల్లాడి జ్వరం తగ్గట్లేదన్నా. దేవుణ్ణి నాలుగు రోజులు మా ఇంట్లో పెట్టుకుంటానంటే కుదరదన్నావు. నీ తర్వాత తాళంచెవి నా చేతికొస్తే తప్ప..."

పాన్ తాత ముద్ర నా ముందుకు పట్టాడు. "సరే, తేలిపోయింది. ముద్ర తీసుకో చియావ్."

చెయ్యి చాచబోయి ఆగాను. అతని టోపీ మీద నీటి చుక్కలు. వెనకున్న వాళ్ల భుజాల మీదా అవే. పల్లకి వెనకాలే అందరూ ఆ పంట్లాల కింద నుంచి వచ్చారు. నేను దొంగనని తేలడం కోసం, నెత్తిన చుక్కలు పడుతున్నా ఒక్కడూ నోరు విప్పకుండా.

తాళంచెవి మొలలోంచి తీసి అతని చేతిలో ముద్ర పక్కన పెట్టాను.

"లోపలికి రా," అన్నాను యూలాన్‌తో. తలుపు గడియ వేశాను.