దగ్గు దాటని వీడియో

గడియారాలు బాగుచేసేవాణ్ణి చేసుకుంటే, ఇంట్లో ఆలస్యమన్న మాట బూతుమాట కింద లెక్క. నర్సమ్మ ఈ సంగతి కాపురానికి వచ్చిన కొత్తలోనే గ్రహించింది. ఆ తర్వాత ఒక్కసారే ఆలస్యమైంది, అదీ కూతురి బడి నాటకానికి. ఆసుపత్రి వార్డులో ఆవిడ తర్వాత డ్యూటీకి రావలసిన నర్సు రాలేదు. తీరా ఈవిడ పరుగెత్తుకుంటూ వెళ్ళేసరికి బడిలో కుర్చీలు మడత పెడుతున్నారు.

కూతురు చిట్టికి నత్తి. నోరు తెరిస్తే మొదటి అక్షరం గడప దగ్గరే మొరాయించేది. అలాంటి పిల్లకి ఏ ధైర్యంతో ఇచ్చిందో గాని, పంతులమ్మ ద్వారపాలకుడి వేషం ఇచ్చింది. ఈటె పట్టుకుని, "రాజుగారు నిద్రపోతున్నారు. రేపు రండి" అనాలి, అంతే. ఆ మాట చిట్టి ఎక్కడా ఆగకుండా అనేసిందని ఊరంతా చెప్పుకున్నారు. విననిది కన్నతల్లి ఒక్కతే. ఎలా అందండీ అని మొగుణ్ణి అడిగితే, "సరిగ్గా టైముకి అంది" అన్నాడాయన.

"ఒక్కసారి నాకు అని చూపించవే" అని కూతుర్ని బతిమాలింది.

"వీ... వీడియోలో ఉందిగా. చూ... చూసుకో."

వీడియోని బడివాళ్ళు పెన్‌డ్రైవ్‌లో ఇచ్చారు. ఇంట్లో కంప్యూటర్‌కున్న ప్లేయర్ దాన్ని తెరవనంది. ఇంకొకడైతే ఇంటర్నెట్‌లో ముందు కనిపించిన ప్లేయర్ దించుకుని పని కానిచ్చేవాడు. ఈయన గడియారాలాయన అయిపోయాడే.

"ఏ ప్లేయర్ సెకనుకి సెకను నడుస్తుందో తేలాక చూద్దాం. తప్పు గడియారంలో టైం చూసుకుంటామా?"

"నాక్కావలసింది టైం కాదండీ. పిల్ల గొంతు."

"గొంతు మాత్రం టైంలో లేదా?"

 ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

మర్నాడు కొట్లోంచి పెద్ద లోలకం గడియారం ఇంటికొచ్చి కంప్యూటర్ పక్కన కూర్చుంది. నాటకానికి ముందు హెడ్మాస్టరు ఉపన్యాసం ఉంది. అందులో ఒకచోట ఆయన దగ్గుతాడు. ఆ దగ్గు రావలసిన క్షణానికి వస్తే ప్లేయర్ పాసు, లేకపోతే ఫెయిలు.

"సరైన దగ్గు ఎప్పుడో మీకెలా తెలుసు?" అంది నర్సమ్మ, పట్టేశాననుకుని.

పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టు, గడియారాలాయన లోలకం గడియారాన్ని చంకన పెట్టుకుని బడికి వెళ్ళాడు. ఉపన్యాసం మళ్ళీ ఒకసారి ఇమ్మని హెడ్మాస్టర్ని అడిగాడు. ఇన్నేళ్ళ సర్వీసులోనూ తన ఉపన్యాసం రెండోసారి కావాలన్నవాడు లేడు. ఆయన కళ్ళు చెమర్చాయి. ఖాళీ హాల్లో నిలబడి మొత్తం ఇచ్చాడు, దగ్గుతో సహా.

ఇక ప్లేయర్ల వరస మొదలైంది. కంప్యూటర్ షాపు బట్టతలాయన రోజుకొకటి తెచ్చేవాడు, సంబంధాలు తెచ్చే పెళ్ళిళ్ళ పేరయ్యలా. "అమ్మా, ఇది నిన్నటిదాని తమ్ముడే, కానీ బుద్ధిమంతుడు" అనేవాడు. ఒకదాంట్లో హెడ్మాస్టరు పచ్చగా వచ్చాడు. ఒకదాంట్లో ముందు దగ్గు వినిపించి తర్వాత నోరు తెరుచుకుంది. ఒకటి దగ్గుకి సరిగ్గా ముందు ఆగి, నన్ను మెచ్చుకుంటూ నాలుగు ముక్కలు రాయండి అని అడిగింది. దగ్గు తప్పిన ప్లేయర్‌ని ఆయన అక్కడికక్కడే మూసేసేవాడు, కాబట్టి ఏదీ దగ్గు దాటలేదు. ఉపన్యాసం నర్సమ్మకి కంఠతా వచ్చేసింది, ఇంజెక్షన్ చేస్తూ కూడా అదే గొణిగేది.

ఒక మధ్యాహ్నం ఆయన లేనప్పుడు ఆవిడే తెగించి వీడియో మీద నొక్కింది. ఈ ఇంటికి పెద్దను నేనంటే నేనని ప్లేయర్లన్నీ ఒక్కసారిగా లేచాయి. ఒకరి వెనక ఒకరు హెడ్మాస్టర్లందరూ ఉపన్యాసం అందుకున్నారు, ఒకరి తర్వాత ఒకరు దగ్గారు. కంప్యూటర్ బిగుసుకుపోయింది. నర్సమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆ గొంతు ఇక ఈ జన్మలో వినననుకుంది.

ఆదివారం నాటికి కంప్యూటర్ కోలుకుంది, గడియారాలాయన మాత్రం కోలుకోలేదు. పొద్దున్నుంచి లోలకాన్ని చూసీ చూసీ, భోజనమయ్యాక కీబోర్డు మీదే తలవాల్చి గుర్రు పెట్టాడు. నర్సమ్మ వంటింట్లో గిన్నెలు తోముతోంది. చిట్టి ముందు గదిలో నేల తుడుస్తోంది. తలుపు చప్పుడైంది.

బట్టతలాయన. చేతిలో పెన్‌డ్రైవ్.

"నాన్నగారున్నారా పాపా? ఈసారి అసలైనది దొరికింది."

చిట్టి తుడుపుకర్రని నిటారుగా నేలకి ఆనించింది.

"రాజుగారు నిద్రపోతున్నారు. రేపు రండి."

వంటింట్లో గిన్నె జారి తొట్టిలో పడింది. నర్సమ్మ కుళాయి కట్టేసింది. ఆ గొంతు ఆవిడనుకున్నట్టు సన్నగా లేదు. నిబ్బరంగా, కాస్త విసుగ్గా, అచ్చం డ్యూటీలో ఉన్నవాళ్ళ గొంతులా ఉంది.  బయట బట్టతలాయన ఏమనుకున్నాడో, "చిత్తం" అని వెళ్ళిపోయాడు.

నర్సమ్మ తడి చేతులతోనే వచ్చి కూతుర్ని గట్టిగా వాటేసుకుంది.

"ఏ... ఏంటమ్మా?"

"వీడియో చూశానే."

గడియారాలాయన లేచాడు. చెంప మీద కీబోర్డు అచ్చులు పడ్డాయి.

"ఎవరొచ్చారు? కొత్త ప్లేయర్ తెచ్చాడా?"

"తెచ్చాడు. రేపు రమ్మంది మీ అమ్మాయి."

"రేపెందుకు? ఇవాళే చూసేద్దుం గదా."

చిట్టి తండ్రి వైపు తిరిగింది. "రే... రే... రేపు కూ..." అని ఆగింది. నర్సమ్మ మాట అందివ్వలేదు.  లోలకం అటూ ఇటూ ఊగుతూనే ఉంది గాని, గడియారాలాయన దానివైపు చూడలేదు. పిల్ల మొహంలోకే చూస్తూ కూర్చున్నాడు.

"...కూడా వ... వద్దు" అంది చిట్టి.

"సరే" అన్నాడాయన.