తమ్ముడి రాయి మీద మాట

"తీర్పు కోసం ఎదురుచూస్తున్నాడు."

తమ్ముడి సమాధి రాయి మీద చెక్కమని అక్క చెప్పిన మాట అదే. సమాధుల తోటలో ఏ రాయి నిలబెట్టాలన్నా దాని మీది మాటకి పాస్టరుగారు ఒప్పుకోవాలి. ఆయన ఒప్పుకోలేదు. రాళ్ళు చెక్కే షెడ్డుకే వచ్చి నిలబడ్డాడు.

"చదివినవాళ్ళు మీవాడేదో నేరం చేశాడనుకుంటారమ్మా. 'ప్రశాంతంగా నిద్రిస్తున్నాడు' అని పెడదాం. మనసుకి హాయిగా ఉంటుంది."

"ఎవరి మనసుకి?" అంది అక్క.

తమ్ముడు పనిచేసిన కోత మిల్లులో రంపం మీద ఇనుప మూత ఉండేది. పొడుగు దుంగలకి అడ్డొస్తోందని యజమానే విప్పించాడు. ఆ రంపానికే తమ్ముడు బలయ్యాడు. విచారణలో మాత్రం తమ్ముడే విప్పుకున్నాడని చెప్పాడు. పనివాళ్ళంతా తలలు దించుకున్నారు. కేసు మూసేశారు. ఆ యజమాని ఇప్పటికీ ప్రార్థనలో ముందు వరసలో కళ్ళు మూసుకుని ఊగుతుంటాడు. ఆ వీపు కనబడితే చాలు, ఆమె పాటల పుస్తకం మూసేస్తుంది.

చిన్నప్పటినుంచీ తీర్పంటే ఆమెకి వణుకే. మంచం కింద ఎవరో నక్కి తన తప్పులన్నీ వింటున్నట్టుండేది. విచారణ గదిలోంచి బయటికొచ్చిన రోజు ఆ భయాన్ని లోపల వెతుక్కుంటే దొరకలేదు. దాని చోట ఆకలిలాంటిదేదో ఉంది. అబద్ధాన్ని అబద్ధమని ఎవరో ఒకరు గట్టిగా అనాలి. అది తమ్ముడు వినాలి.

"దేవుడు ప్రేమామయుడమ్మా. కోపం పెట్టుకోకు."

"ప్రేమ ఉన్నవాడికి కోపం రాదా అయ్యగారూ? మీ అబ్బాయిని చంపి, వాడే చచ్చాడంటే నవ్వి ఊరుకుంటారా? సమాధి దగ్గర దేవుడి చిత్తం అన్నారే, ఆ మూత విప్పింది దేవుడా?"

చెక్కేవాడు సుత్తి పక్కన పెట్టి చెవుల్లో దుమ్ము దులుపుకున్నాడు, ఒక్క మాటా జారిపోకూడదన్నట్టు.

పాస్టరు ముఖం ఎర్రబడింది. "ఆ తీర్పులో నువ్వూ నిలబడాలి, మరిచిపోకు. ఆ రంపం దగ్గరికి పోనని వాడు మొండికేస్తే పంపింది నువ్వేగా?"

ఆమే ఒకసారి ఏడుస్తూ ఆయనతో చెప్పుకున్న మాట అది. రాయి అంచు గట్టిగా పట్టుకుంది.

"నిలబడతాను. నన్నూ అడగనీండి. ఏం చెప్పాలో నాకు తెలీదు. కానీ అడిగేవాడికి అంతా తెలుసు. అడిగి వదిలెయ్యడు, మా తమ్ముణ్ణి లేపి నా ముందు నిలబెడతాడు. నాకు మిగిలిన ఆశ అదొక్కటే. దాన్నీ నిద్రపుచ్చమంటారా?"

పాస్టరు షెడ్డు గుమ్మం వైపు ఒకసారి చూసుకున్నాడు. "ముందు వరస వాళ్ళు కూడా చదువుతారమ్మా," అన్నాడు గొంతు తగ్గించి.

"చదవనీండి. వాళ్ళ కోసమే పెద్దక్షరాలు చెప్పాను."

చెక్కేవాడు సుద్దముక్క అందుకున్నాడు. "అయ్యగారూ, కాస్త జరగండి. మీ నీడ పడుతోంది, గీత వంకరపోతుంది."

ఆయన జరిగాడు.