గట్టిమేళానికి ముందు

శుక్రవారం ఉదయం తొమ్మిది గంటల నలభై రెండు నిమిషాలకు తణుకులోని ఒక కల్యాణ మండపంలో తాళి కట్టాలి. ఆ సమయానికి పెళ్లికొడుకు ఉన్నాడు, పెళ్లికూతురు ఉంది, తాళి లేదు. నేను పీటలకు పన్నెండు అడుగుల దూరంలో ఉన్నాను. నేను ఒక సన్నాయిని.

పుస్తకాల్లో నన్ను నాదస్వరం అంటారు. పెళ్లిళ్లలో మేళం అంటారు. ఎవరైనా దెప్పిపొడిస్తే సన్నాయి నొక్కులు నొక్కుతున్నారంటారు. ఆ నొక్కులతో నాకు సంబంధం లేదు. పుట్టుకతో నేను ఒక ఇంటి దూలాన్ని. ఇల్లు పడగొట్టాక ఒక వడ్రంగి నన్ను తెచ్చి, నిలువునా తొలిచి, రంధ్రాలు పెట్టాడు. పాత చెక్క పగలదని ఆయన నమ్మకం. ఇంతవరకు పగల్లేదు. వీరాస్వామి నన్ను పద్దెనిమిదేళ్లు ఊదాడు. ఆయన కొడుకు కోటిలింగం ముప్పై ఒక్క ఏళ్లుగా ఊదుతున్నాడు.

మాఘమాసంలో మాకు రోజుకో ఊరు. బస్సులో కోటిలింగం నన్ను గుడ్డసంచిలో నిలబెట్టి పట్టుకుంటాడు. ఒక కండక్టరు తుపాకీయా అని అడిగాడు. ఒకావిడ ఆ కర్టెన్ రాడ్డు ఏ కొట్లో దొరికిందని అడిగింది. మండపాల్లో మాకిచ్చే గదిలో సాధారణంగా వంకాయల బస్తాలు ఉంటాయి.

కోటిలింగానికి ఇష్టమైన రాగం తోడి. దాన్ని ముగింపుదాకా వాయించాలంటే ఆయన లెక్కన అరగంట పైన కావాలి. పెళ్లిలో అది కుదరదు. పురోహితుడు వేలెత్తి ‘గట్టిమేళం’ అనగానే, ఏం వాయిస్తున్నా వదిలేసి డోలుతో కలిసి మోత మోగించాలి. తాళి కట్టే క్షణాన ఎవరి తుమ్మూ వినపడకుండా ఈ ఏర్పాటు. ముప్పై ఒక్క ఏళ్లలో తోడి ఎక్కువసేపు సాగింది పిఠాపురంలో, పంతొమ్మిది నిమిషాలు. కాశీయాత్రకు పెళ్లికొడుకు జోళ్లు దొరకలేదు.

ప్రతిసారీ తోడి మీద మొదటి దెబ్బ వేసింది డోలు వాయించే సూరన్న. కోటిలింగానికి బావమరిది. “నా పని నేను చేశాను బావా,” అంటాడు. ఆ పూట ఇద్దరూ మాట్లాడుకోరు.

తణుకు వచ్చేసరికి కోటిలింగం ముందు పళ్లు రెండు కదులుతున్నాయి. సోమవారం తీసేస్తానని డాక్టరు చెప్పాడు. పైవరస ముందు పళ్లు లేకుండా నన్ను ఊదినవాణ్ణి నేను చూడలేదు. శుక్రవారానికీ సోమవారానికీ మధ్య మాకు ఇంకో పెళ్లి లేదు.

ఇక తాళి సంగతి. కట్టడానికి ముందు దాన్ని కొబ్బరిబోండం మీద పెట్టి, పళ్లెంలో తిప్పి, పెద్దల చేత తాకిస్తారు. పళ్లెం పట్టుకున్నది పెళ్లికూతురి మేనమామ సత్తిరాజు. ఒక్క పెద్దమనిషీ మిగలకూడదని ఆయన పట్టుదల. కుర్చీలన్నీ తిరిగాడు. భోజనాల హాల్లోకి వెళ్లి విస్తళ్ల ముందున్నవాళ్ల ఎడమచేతులు వద్దని, చేతులు కడిగించి మరీ తాకించాడు. ఆ తర్వాత కనపడలేదు.

“ఎక్కడికెళ్లాడయ్యా మీ మావయ్య?” అన్నాడు పురోహితుడు అవధాని.

“ముత్తాతగారి కాడికండి. మోకాళ్ల నొప్పులని ఆయన లాడ్జిలోనే ఉండిపోయారండి. స్కూటరు మీద ఎళ్లాడు,” అన్నాడు పెళ్లికూతురి అన్న.

“తాళి తీసుకునా?”

“ఆయ్. పళ్లెంతో సహా.”

అవధాని పంచాంగం చూశాడు. పది ఇరవై నాలుగు దాకా లగ్నం ఉంది. “ఈలోగా ఏదో ఒకటి వాయించవయ్యా,” అన్నాడు.

కోటిలింగం తోడి ఎత్తుకున్నాడు. అప్పుడు తొమ్మిది నలభై ఏడు. పది గంటల ఆరు నిమిషాలకు పిఠాపురం దాటాం. మగపెళ్లివారిలో ఒకాయన సినిమా పాట అడిగాడు. కోటిలింగం కళ్లు మూసుకుని ఉన్నాడు. చిగుళ్ల నుంచి వచ్చిన రక్తం ఆయన పెదాల మధ్య ఉన్న నా పీకకు అంటింది.

పది పదహారుకు సత్తిరాజు పళ్లెంతో వచ్చాడు. “ముత్తాతగారు పడుకున్నారండి. లేపి తాకించాను,” అన్నాడు.

అవధాని వేలెత్తాడు. “గట్టిమేళం! గట్టిమేళం!”

కోటిలింగం కళ్లు తెరిచి సూరన్న వైపు చూశాడు. ఊదడం ఆపలేదు. సూరన్న కర్ర కింద పెట్టి డోలును తిరగేశాడు.

“తాళి వచ్చిందయ్యా!” అన్నాడు అవధాని.

“తాళ్లు వదులయ్యాయండి. బిగిస్తన్నాను.”

“ఇప్పుడా? ఎనిమిది నిమిషాలే ఉంది!”

“ఐదు చాలండి.”

డోలు తాళ్లను ఆ ఉదయం మండపంలోకి వచ్చే ముందే సూరన్న బిగించాడు. ఇప్పుడు ఒక్కొక్కటే విప్పి మళ్లీ కట్టాడు. పెళ్లికొడుకు రెండుసార్లు తుమ్మాడు. అందరికీ వినపడింది. అప్పటికింకా తాళి పళ్లెంలోనే ఉంది కాబట్టి దోషం లేదని అవధాని తేల్చాడు.

తోడి పది గంటల ఇరవై ఒక్క నిమిషాలకు ముగిసింది. సూరన్న కర్ర తీసుకున్నాడు. తాళి పది ఇరవై మూడుకు కట్టారు.